మోషన్‌లో రక్తం, బయటికొచ్చే బుడిపె: లేజర్ ఆపరేషన్ చేయించుకోవాల్సిందేనా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 36, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు నెలలుగా అప్పుడప్పుడు మోషన్ చివర్లో ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతోంది, నొప్పి లేదు. ముక్కినప్పుడు చిన్న బుడిపె బయటికొచ్చి, లేవగానే దానంతట అదే లోపలికి పోతోంది. ప్రకటన చూసి ఒక క్లినిక్‌కి వెళ్తే, గ్రేడ్ 2 పైల్స్ అనీ, వారంలో లేజర్ చేయించుకోకపోతే క్యాన్సర్ అయ్యే ప్రమాదం ఉందనీ చెప్పారు. అమ్మగారేమో ఒంట్లో వేడి అంటున్నారు, ఊళ్లో మొలలకి మందు పెట్టే ఆయన దగ్గరికి రమ్మంటున్నారు. కారం మానేయాలా, జిమ్ మానేయాలా అని కూడా అడిగారు.

నేను జనరల్ సర్జన్‌ని, గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో చాలా ఏళ్లుగా ఓపీ చూస్తున్నాను. ముందు క్యాన్సర్ టెన్షన్ సంగతి. పైల్స్ ముదిరి క్యాన్సర్ అవడమనేది లేదు. అవి ఎన్నేళ్లున్నా పైల్స్‌గానే ఉంటాయి. ఆ మాట చెప్పి మిమ్మల్ని వారంలో ఆపరేషన్ టేబుల్ ఎక్కించాలని చూసినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి. అయితే దీనికో రెండో వైపు ఉంది: మోషన్‌లో రక్తం పడినదల్లా పైల్స్ కాదు. పెద్దపేగు చివర క్యాన్సర్ ఉన్నవాళ్లు ఎంతోమంది నెలల తరబడి పైల్స్ మందులు వాడుకుంటూ కూర్చుని, ఆలస్యంగా వస్తుంటారు. ఆ రెండు రోగాలకీ సంబంధం లేకపోయినా, రెండూ రక్తంతోనే బయటపడతాయి. అందుకే నా సలహాలో మొదటిది ఆపరేషన్ గురించి కాదు, పరీక్ష గురించి.

అసలు పైల్స్ అంటే కొత్తగా మొలిచిన కండలు కావు. మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్లు పుట్టుకతోనే అందరికీ ఉంటాయి, ముఖ్యంగా మూడు చోట్ల. కుళాయిలో వాషర్ చేసే పనే ఇవీ చేస్తాయి, గాలి, నీళ్లవిరేచనం మనకి తెలియకుండా జారిపోకుండా ఆపుతాయి. ఏళ్ల తరబడి ముక్కడం, గట్టి మలం, గంటలకొద్దీ కమోడ్ మీద కూర్చోవడం, గర్భం, వయసు, ఇలాంటి వాటివల్ల ఆ దిండ్లు ఉబ్బి, వాటిని పట్టి ఉంచే కణజాలం సాగిపోయి, కిందికి జారతాయి. వాటినే పైల్స్ అంటాం. లోపలి పొరకి నొప్పి తెలిపే నరాలు లేవు కాబట్టి రక్తం పడుతుంది కానీ నొప్పి ఉండదు. మీ లక్షణాలు దీనికి సరిపోతున్నాయి. రక్తమే పడి బుడిపె బయటికి రాకపోతే గ్రేడ్ 1. వచ్చి దానంతట అదే పోతే 2. వేలితో తోస్తే పోయేది 3. తోసినా పోనిది 4. ఆ లెక్కన క్లినిక్ వాళ్లు చెప్పిన గ్రేడ్ తప్పు కాకపోవచ్చు. కానీ గ్రేడ్ 2కి వారంలో లేజర్ అన్న తొందర మాత్రం వ్యాపారం.

మోషన్‌కి వెళ్లేటప్పుడు గాజుముక్కతో కోసినట్టు నొప్పి, వెళ్లొచ్చాక గంటో రెండు గంటలో మంట, పేపర్ మీద సన్నని రక్తపు చార ఉంటే అది ఎక్కువ సందర్భాల్లో ఫిషర్, అంటే మలద్వారం చర్మంలో చీలిక. "పైల్స్ నొప్పి భరించలేకపోతున్నా డాక్టర్‌గారూ" అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి ఉండేది ఇదే. దీనికి కండరం బిగుతు తగ్గించే ఆయింట్‌మెంట్ వేరే ఉంటుంది, పైల్స్ క్రీమ్ రాస్తే పని జరగదు. పక్కన చిన్న రంధ్రంలోంచి చీము కారుతూ, ఎండుతూ, మళ్లీ కారుతుంటే ఫిస్టులా. మందులతో అది మానదు, సర్జరీయో, అర్హత ఉన్న ఆయుర్వేద శల్యవైద్యుల దగ్గర క్షారసూత్రమో (మందు పూసిన దారంతో చేసే చికిత్స) కావాలి. రాత్రికి రాత్రి మలద్వారం అంచున నీలంగా, బఠాణీ గింజంత గడ్డ లేచి కూర్చోలేకపోతే బయటి పైల్స్‌లో రక్తం గడ్డకట్టినట్టు. మూడు రోజుల లోపు వస్తే చిన్న కోతతో తీసేస్తే వెంటనే హాయి. ఆ తర్వాతైతే చాలామందిలో దానంతట అదే రెండు వారాల్లో కరుగుతుంది, కోయడం అనవసరం.

ఇక పరీక్ష. జనం నెలలు వాయిదా వేసేది దీని గురించే కాబట్టి ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు పొట్టకి ముడుచుకుని పడుకోమంటాం. నడుము నుంచి కిందికి దుప్పటి కప్పి, చూడాల్సినంత వరకే తీస్తాం. ముందు బయట చూస్తాం, ఒకసారి ముక్కమంటాం. తర్వాత గ్లౌజుకి జెల్లీ రాసి ఒక వేలు లోపలికి పెడతాం, నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతుంటే కండరం వదులవుతుంది. వేలికి తెలిసేది పైల్స్ కాదు, అవి మెత్తగా నొక్కుకుపోతాయి. మేం వెతికేది గట్టిగా తగిలే గడ్డ కోసం. ఆ తర్వాత ప్రాక్టోస్కోప్ అనే పొట్టి గొట్టం పెట్టి, లైటు వేసి, దాన్ని మెల్లగా వెనక్కి తీస్తుంటే పైల్స్ గొట్టంలోకి ఉబ్బుతూ కనిపిస్తాయి. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. మోషన్ వస్తున్నట్టు అనిపిస్తుంది, రాదు. నొప్పి ఎక్కువగా ఉన్న ఫిషర్ పేషెంట్లకి ఆ రోజు వేలు పెట్టం, మందు ఇచ్చి తర్వాత చూస్తాం. ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలనో, పక్కన నర్సు ఉండాలనో అడగడంలో తప్పేమీ లేదు, అడగండి. బట్టలమీదే కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగి, పరీక్ష చేయకుండా పైల్స్ అని రాసిచ్చే డాక్టర్ ఎంత పేరున్నవాడైనా ఆ చీటీని నమ్మకండి.

వేలు, ప్రాక్టోస్కోప్ సరిపోని సందర్భాలు ఉన్నాయి. రక్తం ముదురు రంగులో, మలంతో కలిసిపోయి, జిగురుతో వస్తుంటే, మోషన్ అలవాటు కొన్ని వారాలుగా మారిపోతే (అంతకుముందు రోజుకోసారి వెళ్లే మనిషి నాలుగుసార్లు వెళ్తున్నా, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తున్నా), బరువు తగ్గుతుంటే, రక్తహీనత ఉంటే, తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, వయసు 45 దాటి మొదటిసారి రక్తం పడుతుంటే, కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగంతా చూసే పరీక్ష, చేయించుకోవాలి. పైల్స్ కళ్లకి కనిపిస్తున్నా సరే చేయించుకోవాలి, ఎందుకంటే ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. 36 ఏళ్లకి క్యాన్సర్ రాదనే ధీమా కూడా మన దేశంలో పనికిరాదు, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఇక్కడ చిన్నవయసువాళ్లలోనూ చూస్తున్నాం. మీ విషయంలో పైన చెప్పినవేవీ లేకుండా, పరీక్షలో పైల్స్ స్పష్టంగా కనిపించి, చికిత్సతో ఆరు వారాల్లో రక్తం ఆగిపోతే అక్కడితో సరి. ఆగకపోతే కొలనోస్కోపీ. నల్లగా తారులా, దుర్వాసనతో పడితే అది పైనుంచి, కడుపులోంచి వచ్చే రక్తం. అలాంటప్పుడు ఓపీ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నాలుగు నెలలు రక్తం పోయింది కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రోజూ నాలుగు చుక్కలే కదా అని ఊరుకుంటే ఏడాది తిరిగేసరికి హిమోగ్లోబిన్ 6కి, 5కి దిగిపోయి, మెట్లు ఎక్కితే ఆయాసమని గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. ఆడవాళ్లలో అయితే నెలసరి వల్లే రక్తం తక్కువైందని ఇంట్లో తేల్చేస్తారు, మోషన్‌లో పడుతున్న సంగతి ఆమె నోరు విప్పి చెప్పదు.

ఇప్పుడు అసలు చికిత్స. మీ గ్రేడ్‌లో సగం పని బాత్రూమ్‌లో, సగం పని కంచంలో జరుగుతుంది.

బాత్రూమ్‌లోకి ఫోన్ తీసుకెళ్లడం మానండి. ఇది చాదస్తం అనుకోకండి. 2025లో అమెరికాలోని బోస్టన్‌లో కొలనోస్కోపీకి వచ్చిన 125 మందిని అడిగి, పైల్స్ ఉన్నాయో లేవో లోపల చూశారు. టాయిలెట్‌లో ఫోన్ వాడేవాళ్లలో పైల్స్ ఉండే అవకాశం 46 శాతం ఎక్కువగా తేలింది. ఫోన్ వాడేవాళ్లలో 37 శాతం మంది ఐదు నిమిషాలు దాటి కూర్చుంటున్నారు, వాడనివాళ్లలో 7 శాతమే. ముక్కడంలో మాత్రం రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే, కారణం ఇదేనని అది నిరూపించలేదు కూడా, కానీ ఓపీలో నేను చూసేదానికి బాగా సరిపోతోంది. కమోడ్ సీటు మధ్యలో ఖాళీ కాబట్టి మలద్వారం కింద ఆసరా ఉండదు. అలా వేలాడుతూ కూర్చున్నంతసేపూ ఆ దిండ్లలోకి రక్తం దిగుతూనే ఉంటుంది. మోషన్ వచ్చినప్పుడే వెళ్లండి, ఐదు నిమిషాల్లో లేవండి. రాకపోతే బయటికొచ్చేయండి, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు మీటింగ్ ఉందని బిగబట్టడం ఇంకా చెడ్డది. పేగులో ఆగినకొద్దీ మలంలో నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోండి, మోకాళ్లు నడుముకంటే ఎత్తులో ఉంటే దారి తిన్నగా అవుతుంది. ఇండియన్ టాయిలెట్ వల్ల పైల్స్ వస్తాయన్నది నిజం కాదు, అక్కడ ఎలాగూ ఎవరూ అరగంట కూర్చోలేరు.

కంచం సంగతి. రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మనం తినే పాలిష్ తెల్లబియ్యం అన్నంలో 100 గ్రాములకి ఒక్క గ్రాము కూడా ఉండదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గుట్టగా అన్నం, చారు, పెరుగు, రాత్రి బిర్యానీ ఆర్డర్, ఇలా గడిచిన రోజు లెక్కేస్తే పది గ్రాములు కూడా రాదు. అన్నం మానమని నేనెవరికీ చెప్పను, చెప్పినా మన ఇళ్లలో జరగదు. అన్నం కొలత తగ్గించి కూర కొలత పెంచండి, కూరలో అన్నం కలుపుకున్నట్టు ఉండాలి. గోరుచిక్కుడులో 100 గ్రాములకి దాదాపు 5 గ్రాముల పీచు ఉంటుంది. తోటకూర, బెండకాయ, మునక్కాడ, చిక్కుడు అన్నీ మంచివే. ఒక్క పూట జొన్నరొట్టె గానీ కొర్రన్నం గానీ. సాయంత్రం బిస్కెట్ బదులు జామకాయ గింజలతో సహా, లేదా ఉడికించిన శనగలు. మా వైపు పెద్దవాళ్లు మొలలకి కంద బచ్చలి కూర వండి పెట్టేవారు. కంద గడ్డకి మహత్తు ఏమీ అక్కర్లేదు, దాని పీచు, బచ్చలి జిగురు చాలు. వారానికి రెండుసార్లు తినొచ్చు, ఆవపెట్టి వండితే ఇంకా మంచిది, అది రుచి కోసం.

కారం గురించి. మిరపకాయ పైల్స్‌ని పుట్టించదు. పైల్స్ ఉన్నవాళ్లకి ఎండుమిరప పొడి క్యాప్సూల్స్ ఇచ్చి, ఇంకొకసారి ఉత్త క్యాప్సూల్స్ ఇచ్చి పోల్చి చూసినప్పుడు లక్షణాల్లో తేడా రాలేదు. కాబట్టి ఆవకాయ జాడీ అమ్మగారు అటక ఎక్కించక్కర్లేదు. ఫిషర్ ఉన్నవాళ్లు మాత్రం మానే దాకా తగ్గించాలి, వాళ్లకి మంట నిజంగానే పెరుగుతుంది. "వేడి చేసింది" అని ఇళ్లలో అనుకునేది ఎక్కువసార్లు నీళ్లు తక్కువై, పీచులేని తిండి తిని, మలం గట్టిపడటమే. కోడికూర తిన్న మర్నాడు రక్తం పడిందంటే, ఆ పూట కూరగాయ ముట్టకుండా ముక్కలూ అన్నమే తిన్నారని అర్థం.

తిండితో 25 గ్రాములు చేరడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈలోగా ఇసబ్‌గోల్. రాత్రి, పడుకోవడానికి కనీసం గంట ముందు, రెండు టీస్పూన్ల పొట్టు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడక ముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు. నీళ్లు తక్కువైతే అది లోపల ముద్దకట్టి మలబద్ధకం పెంచుతుంది. "ఇసబ్‌గోల్ నాకు పడలేదండీ" అనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని పాలలో చెంచాతో తిన్నవాళ్లే. మొదటి వారం గ్యాస్ ఉంటుంది, అర చెంచాతో మొదలుపెట్టి పెంచుకోండి. వేరే మాత్రలకీ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచండి. ఇది భేదిమందు కాదు, రోజూ ఆరు వారాలు వాడితేనే ఫలితం. పైల్స్‌లో పీచు వాడి చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే రక్తం పడే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. ఇంత చవకైన మందుకి ప్రకటనలు ఎవరు ఇస్తారు? సునాముఖి పొడులు, ఆముదం రోజూ వాడేవి కావు.

బుడిపె వాచి ఇబ్బందిగా ఉన్న రోజుల్లో గోరువెచ్చని నీళ్ల టబ్‌లో పది పదిహేను నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు కూర్చోండి. ఉప్పు, డెటాల్, పర్మాంగనేట్ ఏదీ కలపక్కర్లేదు, డెటాల్ పోసుకుని చర్మం కాల్చుకున్నవాళ్లని చూశాను. క్రీములు మంట తగ్గిస్తాయి, పైల్స్‌ని తగ్గించవు. స్టెరాయిడ్ ఉన్నవి వారం పది రోజులకి మించి రాస్తే అక్కడి చర్మం పలచబడుతుంది. డాఫ్లాన్ లాంటి మాత్రలు రక్తం పడే రోజుల్లో పనికొస్తాయి, ఎన్ని రోజులో డాక్టర్ చెప్తారు. గుండె కోసం, రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఒక్క మాట: రక్తం పడుతోందని వాటిని సొంతంగా ఆపేయకూడదు.

ఆరు వారాల తర్వాత కూడా రక్తం ఆగక, కొలనోస్కోపీలో వేరే ఏమీ లేదని తేలితే, గ్రేడ్ 2కి నేను మొదట చెప్పేది బ్యాండింగ్. ప్రాక్టోస్కోప్ లోంచి పైల్స్ మొదలుని పట్టుకుని, దానికి చిన్న రబ్బరు రింగు ఎక్కిస్తాం. మత్తు అక్కర్లేదు, ఓపీలోనే అయిపోతుంది, మర్నాడు ఆఫీసుకి వెళ్లొచ్చు. రెండు రోజులు బరువుగా, మోషన్ వస్తున్నట్టుగా ఉంటుంది. వారం పది రోజుల్లో ఆ ముక్క ఎండి రాలిపోతుంది, అప్పుడు కాస్త రక్తం కనిపిస్తుంది, కంగారుపడొద్దు. జ్వరం వచ్చినా, నొప్పి పెరుగుతున్నా, మూత్రం ఆగిపోయినా మాత్రం అదే రోజు వెళ్లిపోవాలి, అరుదైనా అది ప్రమాదం. కొందరికి ఏడాదిలోపే మళ్లీ వస్తుంది, మళ్లీ వేయొచ్చు.

లేజర్ చెడ్డదేమీ కాదు. గ్రేడ్ 2, 3లకి చేస్తారు, కోత ఆపరేషన్ కంటే నొప్పి తక్కువ, తిరగబెట్టే అవకాశం మాత్రం దానికంటే ఎక్కువ. "ఇక జన్మలో రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కోసి తీసే పాత పద్ధతి ఇప్పుడు చేసే రూపంలో 1937 నుంచి ఉంది, రెండు నుంచి నాలుగు వారాలు బాగా నొప్పి ఉంటుంది, కానీ గ్రేడ్ 3, 4లో ఇప్పటికీ దానంత గట్టి పరిష్కారం లేదు. స్టేప్లర్ పద్ధతి (మిషన్‌తో పైల్స్ పైనున్న పొరను కత్తిరించి, పిన్నులతో కుట్టేసేది) వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. బ్రిటన్‌లో 777 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి, రెండేళ్ల పాటు చూస్తే పాత కోత పద్ధతే మెరుగని, ఖర్చూ తక్కువని తేలింది.

ఊళ్లో మందు పెట్టే ఆయన దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, అమ్మగారికి నచ్చజెప్పండి. "ఆపరేషన్ లేకుండా మొలలు రాలగొడతాం" అనే చోట్ల పెట్టేది చాలావరకు చర్మాన్ని కాల్చే మందు, లేదా ఏమిటో తెలియని ఇంజెక్షన్. మొల రాలుతుంది నిజమే, దాంతోపాటు చుట్టూ ఉన్న మంచి చర్మం, ఒక్కోసారి కండరం కూడా పోతాయి. మానేటప్పుడు మచ్చకట్టి మలద్వారం ముడుచుకుపోతుంది. చిటికెన వేలు కూడా దూరనంత సన్నబడిన కేసులు మా దగ్గరికి వస్తాయి. అటువంటి మనిషి మోషన్‌కి వెళ్లాలంటే తిండి తినడానికే భయపడతాడు. దాన్ని సరిచేసే ఆపరేషన్ పైల్స్ ఆపరేషన్ కంటే ఎన్నో రెట్లు కష్టం. కండరం తెగితే మోషన్ ఆపుకోలేకపోవడం జీవితాంతం ఉంటుంది.

జిమ్ మానక్కర్లేదు. నడక, సైక్లింగ్, తేలికపాటి బరువులు చేసుకోండి. ఊపిరి బిగబట్టి ఎత్తే భారీ స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు రక్తం ఆగేదాకా పక్కన పెట్టండి. ప్రోటీన్ పౌడర్ వాడుతుంటే దానితో పాటు నీళ్లు, పీచు పెరుగుతున్నాయో లేదో చూసుకోండి, చాలామంది కుర్రాళ్లకి మలబద్ధకం అక్కడే మొదలవుతోంది.

ఇంకో విషయం మీరు అడగలేదు. చాలా హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీల్లో పైల్స్, ఫిషర్, ఫిస్టులాకి రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీలో సాధారణంగా అది తీసేసి ఉంటారు. ఓపీలో చేసే బ్యాండింగ్‌కి డబ్బు వస్తుందా, ఒక రోజు చేరితేనే వస్తుందా అన్నది హెచ్‌ఆర్‌ని ముందే అడిగి తెలుసుకోండి. అడ్మిషన్ ఉంటేనే బిల్లు పాసవుతుందని, ఓపీలో అయిపోయే పనికి ఆపరేషన్ థియేటర్ దాకా తీసుకెళ్లే చోట్లూ ఉన్నాయి. ఈ వారంలో ఒక జనరల్ సర్జన్‌కి చూపించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రి సర్జరీ ఓపీ అయినా సరే. వెళ్లేటప్పుడు రక్తం ఎన్నాళ్ల నుంచి, ఏ రంగు, వాడుతున్న మందులు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా అన్నవి కాగితం మీద రాసుకెళ్లండి. హిమోగ్లోబిన్ రిపోర్టు వచ్చాక, పరీక్షలో ఏం కనిపించిందో ఇక్కడ రాస్తే చూసి చెప్తాను.